ఒక్క వాట్ దాటితే

హైదరాబాద్‌లో సుచిత్ర కూడలి దాటి మేడ్చల్ దారి పట్టగానే కొంపల్లికి అటూ ఇటూ ఇంజినీరింగ్ కాలేజీలు మొదలవుతాయి. దూలపల్లి, మైసమ్మగూడ, కండ్లకోయ... ఇంకాస్త తూర్పుకు పోతే శామీర్‌పేట వైపు 2008లో మొదలైన బిట్స్ పిలానీ హైదరాబాద్ క్యాంపస్. ఎలక్ట్రానిక్స్, కమ్యూనికేషన్ (ఈసీఈ) చదువు చెప్పే ప్రతి చోటా ఒక మైక్రోవేవ్ ల్యాబ్ ఉంటుంది. అందులో అన్నిటికన్నా ఖరీదైన వస్తువు సాధారణంగా రేడియో సిగ్నళ్ళను కొలిచే స్పెక్ట్రమ్ అనలైజర్, కాకుంటే వెక్టర్ నెట్‌వర్క్ అనలైజర్. దాని ముందు పలక మీద, కింద కుడివైపు, వేలెడంత కనెక్టర్ ఒకటి కనిపిస్తుంది. పక్కనే చిన్న అక్షరాల్లో ఒక హెచ్చరిక: గరిష్ఠం +30 డీబీఎం, 0 వోల్ట్ డీసీ. ఈ రెండు అంకెలు పట్టించుకోకపోతే లక్షల రూపాయల పరికరం ఒక్క క్షణంలో మూలపడుతుంది.

డీబీఎం అంటే ఒక మిల్లీవాట్‌తో పోల్చి చెప్పే కొలత. సున్నా డీబీఎం అంటే ఒక మిల్లీవాట్. అక్కడి నుంచి పది పెరిగినప్పుడల్లా శక్తి పది రెట్లవుతుంది. పది అంటే పది మిల్లీవాట్లు, ఇరవై అంటే వంద, ముప్పై అంటే వెయ్యి మిల్లీవాట్లు. అంటే ఒక వాట్. జీరో బల్బు తాగే కరెంటు కన్నా తక్కువే. అయినా చాలా అనలైజర్లకు అదే హద్దు.

ఎందుకంత సుకుమారం? ఆ పెట్టె వినగలిగే శబ్దం అంత చిన్నది గనక. ఒక వాట్‌ను కోటి కోట్ల భాగాలు చేసి, అందులో ఒక భాగాన్ని మళ్ళీ పదివేల ముక్కలు చేస్తే మిగిలేంత సిగ్నల్‌ని కూడా మంచి అనలైజర్ తెర మీద చూపగలదు. అంత సన్నని సిగ్నల్‌ని పట్టాలంటే లోపలి డయోడ్లు, చిప్పులు కంటికి ఆననంత చిన్నవిగా ఉండాలి. ఉప్పొంగే శక్తిని తట్టుకునే ఒడ్డూ పొడుగూ వాటికి ఉండవు. చీమ నడక వినేందుకు తయారైన చెవిని కొంపల్లి ఫంక్షన్ హాల్లో డీజే స్పీకర్ ముందు పెట్టినట్టవుతుంది.

ఒక మామూలు ఉదాహరణ చూద్దాం. చేతిలో పట్టుకునే వాకీటాకీ ఒకటి సరిగా పనిచేస్తోందో లేదో చూడాలనుకున్నారు. యాంటెన్నా విప్పి, కేబుల్ పెట్టి, నేరుగా అనలైజర్‌కి తగిలించి మాట్లాడే బటన్ నొక్కారు. అలాంటి సెట్లు 5 వాట్ల దాకా పంపుతాయి. అంటే 37 డీబీఎం, హద్దుకు ఐదు రెట్లు. నొక్కిన వేలు ఎత్తేలోపు సిగ్నల్‌ని తగ్గించే లోపలి ఎటెన్యుయేటర్ కాలిపోవచ్చు. పొగ రాదు, చప్పుడు రాదు, తెర వెలుగుతూనే ఉంటుంది. ఆ తరువాత అది చూపే ప్రతి అంకె మాత్రం తప్పు.

దీనికి మందు ఖరీదైనదేమీ కాదు. మధ్యలో 30 డీబీ ఎటెన్యుయేటర్ ఒకటి పెడితే ఐదు వాట్లు వెయ్యో వంతుకు తగ్గి, 5 మిల్లీవాట్లుగా లోపలికి వెళతాయి. అయితే ఆ తగ్గించిన శక్తంతా వేడిగా మారి ఎటెన్యుయేటర్‌లోనే మిగులుతుందని గుర్తుంచుకోవాలి. 2 వాట్లకు తయారైన దాన్ని 5 వాట్లకు వాడితే ముందు అది పోతుంది, తరువాత అనలైజర్ పోతుంది. అందుకే ఒంటి మీద 10 వాట్లో అంతకన్నా ఎక్కువో రాసి ఉన్నది తీసుకోవాలి.

రెండో అంకె ఇంకా ప్రమాదకరమైనది, ఎందుకంటే ఆ కరెంటు కనపడదు. ఇంటి మీద డిష్ ఉన్నవాళ్ళందరి ఇళ్ళలోనూ ఇది ఉంది. సెట్‌టాప్ బాక్స్ నుంచి డిష్‌కు వెళ్ళే కేబుల్లో సిగ్నల్ కిందికి వస్తుంటే, అదే తీగలో 13 లేదా 18 వోల్టుల డీసీ పైకి వెళుతుంటుంది. డిష్ మీద సిగ్నల్‌ని అందుకునే ఎల్‌ఎన్‌బీకి అదే ప్రాణం. శాటిలైట్ సిగ్నల్ ఎలా ఉంటుందో చూద్దామనే ఉత్సాహంతో విద్యార్థి ఆ తీగను చీల్చి అనలైజర్‌కి ఇస్తే, సున్నా వోల్టులు మాత్రమే భరించే ఇన్‌పుట్‌లోకి 18 వోల్టులు దూకుతాయి. రేడియో సిగ్నల్‌ని పోనిచ్చి డీసీని ఆపేసే చిన్న కెపాసిటర్ భాగం, డీసీ బ్లాక్ అంటారు దాన్ని, అడ్డం పెడితే చాలు. కొన్ని మోడళ్ళలో అది లోపలే ఉంటుంది, కొన్నిట్లో ఉండదు. ఏది ఉందో ముందు పలక మీదే రాసి ఉంటుంది.

ఈ సమస్య కొత్తది కాదు. రెండో ప్రపంచ యుద్ధ కాలపు రాడార్లలో సిగ్నల్‌ని పట్టే క్రిస్టల్ డయోడ్లు ఎంత సున్నితమైనవంటే, చేతి స్థిర విద్యుత్తుకే పాడయ్యేవి. అందుకే వాటిని సీసపు రేకులో చుట్టి పంపేవారు. రాడార్‌లో చిక్కు ఇంకా పెద్దది. గట్టిగా అరిచేదీ అదే యాంటెన్నా, మరుక్షణం గుసగుస వినేదీ అదే.

తిరుపతి దగ్గరి గాదంకిలో దీన్ని తెలుగు నేల మీదే చూడవచ్చు. జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాలలోని ఎంఎస్‌టీ రాడార్ 1993 నాటికి పూర్తి స్థాయిలో పని మొదలుపెట్టింది. సుమారు 130 మీటర్ల చదరంలో 1024 జంట యాగీ యాంటెన్నాలు. 53 మెగాహెర్ట్జ్‌లో మొదట్లో అది ఆకాశంలోకి పంపిన స్పందన శిఖరంలో 25 లక్షల వాట్లు. గాలిలోని అలజడిని తాకి తిరిగొచ్చే ప్రతిధ్వని వాట్‌లో లక్ష కోట్లవ వంతు కన్నా తక్కువ. పంపేటప్పుడు రిసీవర్ చెవులు మూసి, పంపడం అవగానే తెరిచే స్విచ్‌లు మధ్యలో లేకపోతే మొదటి స్పందనకే రిసీవర్లన్నీ పోయేవి. గాదంకి శాస్త్రజ్ఞులు మైక్రోసెకన్ల లెక్కన చేసే ఈ పనినే, కొంపల్లి కాలేజీ బెంచీ మీద ఒక చిన్న లిమిటర్ చేస్తుంది. లోపల పిన్ డయోడ్లుంటాయి. సిగ్నల్ హద్దు దాటగానే అవి దారి మళ్ళించి అనలైజర్‌ను కాపాడతాయి.

ఇక ఈ ప్రాంతంలో ప్రత్యేకంగా మాట్లాడుకోవలసింది ఎర్తింగ్ గురించి. హైదరాబాద్ కూర్చున్నది సుమారు 250 కోట్ల ఏళ్ళ నాటి గ్రానైట్ మీద. కొంపల్లి, మేడ్చల్ పరిసరాల్లో రెండడుగులు తవ్వితే మొరం, ఇంకొంచెం తవ్వితే బండ. మట్టిలో తడి ఉంటేనే కరెంటు భూమిలోకి దిగుతుంది. బండకు ఆ గుణం చాలా తక్కువ. ఎర్త్ గుంతలో ఉప్పూ బొగ్గూ పోసి, రాడ్ దింపి, వానాకాలంలో కొలిస్తే అంకె బాగానే వస్తుంది. ఏప్రిల్‌కల్లా గుంత ఎండిపోతుంది. అప్పుడు కొలిచేవారు ఉండరు.

ఎర్త్ లేని పరికరం ఒళ్ళంతా కరెంటే. ఈ మాట అతిశయోక్తి కాదు. కంప్యూటర్‌లోనూ, అనలైజర్‌లోనూ, లాప్‌టాప్ చార్జర్‌లోనూ కరెంటు రొదను వడగట్టే చిన్న కెపాసిటర్లు రెండు, ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య నుంచి ఒంటికి కలిపి ఉంటాయి. ఎర్త్ ఉంటే ఆ కొద్దిపాటి కరెంటు భూమిలోకి పోతుంది. మూడో పిన్ను విరగ్గొట్టిన ప్లగ్గు పెట్టినా, రెండు పిన్నుల అడాప్టర్ వాడినా ఆ లోహపు ఒళ్ళు సుమారు 115 వోల్టుల దగ్గర తేలుతుంటుంది. చార్జింగ్‌లో ఉన్న లాప్‌టాప్‌ను ముట్టుకుంటే సన్నగా జివ్వుమనేది అదే. మనిషికి అది చిన్న జలదరింపు. కానీ ఆ లాప్‌టాప్‌కు కలిపిన సర్క్యూట్ బోర్డు నుంచి కేబుల్ తెచ్చి అనలైజర్‌కి తగిలించే క్షణంలో, బయటి కవచం కన్నా నడి పిన్ను ముందు తగిలిందంటే, ఆ కరెంటుకు దారి అనలైజర్ గుండె గుండానే.

అందుకే బెంచీ మీదున్న ప్రతి పరికరానికీ ఒకే ఎర్త్ ఉండాలి. అనలైజర్ ఒక సాకెట్‌లో, పరీక్షించే వస్తువు పక్క గదిలోంచి లాగిన ఎక్స్‌టెన్షన్ బోర్డులో ఉంటే రెండు ఎర్త్‌ల మధ్య తేడా కేబుల్ మీద పడుతుంది. న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య మల్టీమీటర్ పెట్టి చూస్తే రెండు మూడు వోల్టులకు మించి కనిపించకూడదు. పది, ఇరవై కనిపిస్తే ఎలక్ట్రీషియన్‌ను పిలిచాకే స్విచ్ వేయాలి. భూమిలోకి దారి ఎంత తేలిగ్గా ఉందో కొలవడానికి ఎర్త్ మెగ్గర్ ఉంది. ఎలా చేయాలో చెప్పడానికి ఐఎస్ 3043 అనే భారతీయ ప్రమాణం ఉంది. కొత్త అపార్ట్‌మెంట్లూ కాలేజీ బ్లాకులూ ఇంత వేగంగా లేచే చోట ఇంకో గండం న్యూట్రల్ ఊడిపోవడం. మూడు ఫేజుల లైన్లో న్యూట్రల్ తెగితే కొన్ని సాకెట్లలో 230కి బదులు 400 వోల్టుల దాకా రావచ్చు. ఒకే రాత్రి వీధిలో టీవీలన్నీ కాలిపోయిన ఇళ్ళవాళ్ళకు ఇది కొత్తగా చెప్పనక్కర్లేదు. ఆన్‌లైన్ యూపీఎస్ ఈ దెబ్బను తన మీద వేసుకుంటుంది.

ఏప్రిల్, మే నెలల పొడిగాలికి ఇంకో దుర్గుణముంది. ప్లాస్టిక్ కుర్చీలోంచి లేచిన మనిషి ఒంటి మీద వేల వోల్టుల స్థిర విద్యుత్తు పేరుకుంటుంది. సుమారు 3000 వోల్టులు దాటితే గానీ మనకు చిటుక్కుమన్న సంగతి తెలియదు. కొన్ని డయోడ్లు చావడానికి వంద వోల్టులు కూడా ఎక్కువే. అంటే మనకు తెలియకుండానే చంపేయగలం. మణికట్టుకు కట్టుకునే పట్టీ, దానిలో ఒక మెగోమ్ రెసిస్టర్, దాన్ని ఎర్త్‌కు కలిపే తీగ: ఈ మూడూ ఉంటే ఈ బాధ లేదు. మనిషే కాదు, పొడవాటి కేబుల్ కూడా చార్జిని దాచుకుంటుంది. నేల మీద ఈడ్చి తెచ్చిన కేబుల్‌ను అనలైజర్‌కు పెట్టే ముందు ఒక్కసారి 50 ఓమ్‌ల టెర్మినేటర్ తగిలించి ఖాళీ చేయాలి.

మేడ మీద యాంటెన్నా పెట్టి గదిలోకి కేబుల్ దింపుకున్నవాళ్ళు వేసవి సాయంత్రాల ఉరుముల వానల్ని ఇంకా జాగ్రత్తగా చూడాలి. పిడుగు మన మేడ మీదే పడనక్కర్లేదు. దగ్గర్లో ఎక్కడో పడ్డా కేబుల్లోకి వోల్టేజీ ఎగదన్నుతుంది. గ్యాస్ నింపిన సర్జ్ అరెస్టర్ కొంత కాపాడుతుంది. పూర్తిగా కాపాడేది మాత్రం మబ్బు పట్టగానే కేబుల్ విప్పి బయట పెట్టడమే.

కనెక్టర్ల దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే కొలతలు చాలావరకు చెడేది ఇక్కడే. ఎస్‌ఎంఏ కనెక్టర్ మగ భాగాన్ని భూతద్దం కింద పెట్టి చూస్తే, తెల్లని టెఫ్లాన్ మధ్య సన్నని పిన్ను నిటారుగా కనిపిస్తుంది. అది వెంట్రుకవాసి వంగినా, ముందుకు పొడుచుకొచ్చినా అవతలి గూటిని చీల్చేస్తుంది. బిగించేటప్పుడు నట్టు ఒక్కటే తిరగాలి, కేబుల్ ఒళ్ళు కదలకూడదు. కేబుల్‌ను పట్టుకుని తిప్పితే పిన్ను గూటిలో రాపిడి పడి పూత లేచిపోతుంది. బిగువు కూడా చేతి అంచనాకు వదలకూడదు. ఎస్‌ఎంఏకు సుమారు 0.56 న్యూటన్ మీటర్లు, 3.5 మిల్లీమీటర్ల రకానికి సుమారు 0.9. ఆ బిగువు రాగానే టక్కున విరిగి ఆగే టార్క్ రెంచ్ దొరుకుతుంది. కటింగ్ ప్లయర్‌తో బిగించే అలవాటును మొదటి రోజే మాన్పించాలి.

ఎన్ రకం కనెక్టర్లలో ఇంకో ఉచ్చుంది. బయటికి ఒకేలా కనిపించినా 50 ఓమ్‌లవి వేరు, టీవీ కేబుల్ లోకంలో వాడే 75 ఓమ్‌లవి వేరు. 50 ఓమ్‌ల మగ పిన్ను లావు. దాన్ని 75 ఓమ్‌ల ఆడ గూటిలోకి తోస్తే గూడు చీలిపోతుంది. ఈ మధ్య కొంపల్లి చుట్టూ ఎక్కడ చూసినా నిర్మాణాలే, గ్రానైట్ పొడి కిటికీల్లోంచి వచ్చి చేరుతుంది. కనెక్టర్ మూతలు పెట్టి ఉంచడం, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన నూగు రాలని పుల్లతో తుడవడం, ఫ్యాన్ జల్లెడ దులపడం, వీటికి ఖర్చేముంది? అనలైజర్ పోర్టుకు ఒక చిన్న అడాప్టర్‌ను శాశ్వతంగా బిగించి ఉంచితే, అరుగుదల దానికే. పాడైతే దాన్ని మార్చుకోవచ్చు. పోర్టే పాడైతే పెట్టె మొత్తం కంపెనీకి పంపాలి.

ఇన్ని చేసినా ఒకరోజు అంకెలు తేడాగా వస్తాయి. అప్పుడు పరికరాన్ని అనుమానించే ముందు కేబుల్‌ను అనుమానించాలి. చౌకగా మార్చగలిగిన దాన్ని ముందు మార్చి చూడడం ఈ విద్యలో మొదటి పాఠం. సిగ్నల్ జనరేటర్ నుంచి 100 మెగాహెర్ట్జ్, మైనస్ 20 డీబీఎం ఇచ్చి, కేబుల్‌ను మెల్లగా కదిలిస్తూ తెర చూడాలి. గీత ఎగిరిపడుతుంటే దొంగ దొరికినట్టే. కేబుల్ మార్చినా మైనస్ 35 చూపిస్తుంటే ముందు భాగం దెబ్బతిన్నదేమో చూడాలి. అనలైజర్ లోపలి ఎటెన్యుయేటర్‌ను 10, 20, 30 డీబీలకు ఒక్కొక్కటిగా మార్చాలి. బాగున్న పెట్టెలో సిగ్నల్ శిఖరం కదలదు, అడుగున ఉన్న రొద మాత్రమే పైకి లేస్తుంది. ఏదో ఒక మెట్టు దగ్గర శిఖరం ధడాలున పడిపోయిందంటే ఆ మెట్టు కాలిపోయింది. ఇదంతా చేసేటప్పుడు ఒక్క పని మాత్రం చేయకూడదు. బీప్ వస్తుందేమోనని ఇన్‌పుట్ మీద మల్టీమీటర్ మొనలు పెట్టకూడదు. మీటరు తన బ్యాటరీ నుంచి డీసీ పంపుతుంది. ఆ ఇన్‌పుట్‌కు పనికిరానిదే డీసీ.

లేని సిగ్నల్ కనిపించడం ఇంకో రకం తంటా. హైదరాబాద్‌లో వివిధ భారతి 102.8లో, రేడియో మిర్చి 98.3లో వస్తాయి. రెండూ మరీ బలంగా లోపలికి వస్తే, అనలైజర్ మిక్సర్ వాటిని తనలో తానే కలిపేసి 107.3 దగ్గర కొత్త గీత గీస్తుంది. ఆకాశంలో ఆ స్టేషన్ లేదు. దాన్ని పట్టుకునే ఉపాయం సులభం. ఇన్‌పుట్ ఎటెన్యుయేషన్‌ను 10 డీబీ పెంచాలి. నిజమైన సిగ్నల్ ఎక్కడిదక్కడే ఉంటుంది, భూతం మాత్రం ఒక్కసారిగా కుంగిపోతుంది.

కారణం దొరికేదాకా వదలకపోతే ఏమవుతుందో చరిత్రే చెబుతుంది. 1964లో అమెరికాలోని హోమ్‌డెల్‌లో అర్నో పెంజియాస్, రాబర్ట్ విల్సన్ తమ కొమ్ము యాంటెన్నాలో పోని రొదను పట్టి వెంటాడారు. లోపల గూడు కట్టిన పావురాలను తోలారు, వాటి రెట్టలు కడిగారు, రివెట్ల అతుకుల మీద అల్యూమినియం టేపు అంటించారు. రొద పోలేదు. అన్ని అనుమానాలూ తీరాక మిగిలింది విశ్వం పుట్టుకనాటి వేడి తాలూకు అవశేషం. 1978లో వాళ్ళకు నోబెల్ వచ్చింది. ఆస్ట్రేలియాలోని పార్క్స్ టెలిస్కోప్‌లో కథ తలకిందులైంది. 1998 నాటి రికార్డుల నుంచీ అప్పుడప్పుడు కనిపిస్తున్న వింత మెరుపులకు కారణం 2015లో తేలింది. వంటగదిలో మైక్రోవేవ్ అవెన్ ఆగకముందే ఎవరో తలుపు తెరుస్తున్నారు. రెండు చోట్లా వాడిన పద్ధతి ఒకటే: ఒక్కో అనుమానాన్నీ విడిగా తీసుకుని, పరీక్షించి, పక్కన పెట్టడం.

ఇప్పుడు ఈ విద్య పెద్ద ల్యాబులకే పరిమితం కాదు. హైదరాబాద్‌లో 1983 నుంచి హామ్ రేడియో శిక్షణ ఇస్తున్న జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ ఉంది. నానోవీఎన్‌ఏ, టైనీఎస్‌ఏ లాంటి అరచేతి పరికరాలు కొన్ని వేల రూపాయలకే వస్తున్నాయి. వాటిలో చాలావాటి హద్దు వాట్ కూడా కాదు, అందులో వందో వంతు దగ్గరే. చవకైనదని అజాగ్రత్తగా వాడితే మొదటి వారంలోనే పోతుంది.

కొలత సరైనదేనని ధ్రువీకరించుకోవడానికి దూరం పోనక్కర్లేదు. కేంద్ర ప్రభుత్వ ఎస్‌టీక్యూసీ కింద పనిచేసే, ఎలక్ట్రానిక్ పరికరాలను పరీక్షించే ఈటీడీసీ కేంద్రం హైదరాబాద్‌లో ఉంది. విద్యుదయస్కాంత పరీక్షలకు విశాఖ దగ్గర గంభీరంలో సమీర్ కేంద్రం ఉంది. ఈ నగరానికి 1961లో రక్షణ ఎలక్ట్రానిక్స్ ప్రయోగశాల డీఎల్‌ఆర్‌ఎల్, 1967లో ఏ.ఎస్.రావు చేతుల మీదుగా ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ వచ్చాయి. చంద్రయాన్ సంకేతాలు అందుకున్న బెంగళూరు దగ్గరి బ్యాలాలు 32 మీటర్ల యాంటెన్నాను కట్టింది ఆ ఈసీఐఎలే. మేడ్చల్ దారిలో చదువుకునే పిల్లలు రేపు వెళ్ళేది ఇలాంటి చోట్లకే. ఇక్కడ బెంచీ మీద పడ్డ అలవాటే అక్కడికీ వెళుతుంది.

విచారమేమిటంటే, పాడైపోతుందనే భయంతో చాలా చోట్ల అనలైజర్‌ను అద్దాల బీరువాలో పెట్టి తాళం వేస్తారు. తనిఖీ వాళ్ళు వచ్చినప్పుడు తుడిచి బయట పెడతారు. నాలుగేళ్ళూ దాన్ని ముట్టుకోకుండానే పిల్లలు డిగ్రీ పుచ్చుకుంటారు. ఇది పరికరాన్ని కాపాడడం కాదు, చదువును ఆపడం. కాలేజీ యాజమాన్యాలకు ఒక్క విన్నపం. అనలైజర్ కొనే ఆర్డరులోనే 30 డీబీ ఎటెన్యుయేటర్, డీసీ బ్లాక్, లిమిటర్, టార్క్ రెంచ్, మణికట్టు పట్టీలు చేర్చండి. పరికరం ఖరీదు ముందు అవి లెక్కలోకి రావు. ఎండలు ముదరకముందే, ఫిబ్రవరిలోనే, ఎర్త్ కొలిపించి ఆ అంకెను ల్యాబ్ గోడ మీద రాయించండి. రెండో సంవత్సరం పిల్లలను ఒక పూట కూర్చోబెట్టి ఇవన్నీ వాళ్ళ చేతులతో చేయించి, ఆ తరువాత బీరువా తాళం తీసేయండి.